చీనావారి వంట, చీనావారి శ్రమ

(ఉధ్నాలో రైల్వే, తపాలా ఉద్యోగుల అధ్యయన తరగతియందు చేసిన ప్రసంగ పాఠము)



ఉధ్నా, లింబాయత్ ప్రాంతములలో నివసించు మన సభ్యులము ఇరువదిమందిమి కలకత్తా వెళ్ళి, అచ్చటి చీనావారి పేటలలో నాలుగు దినములు గడిపి తిరిగి వచ్చిన సంగతి మీకందరకు తెలిసినదే. అక్కడ ఏమి చూచినాము, ఏమి నేర్చుకొన్నాము అన్న విషయమును మీ ముందుంచవలెనని కార్యవర్గము మమ్ము కోరినది. అంతకు ముందు ఒక ప్రశ్నకు సమాధానము చెప్పవలసియున్నది. "2020 జనవరి నుండి 2021 జూన్ వరకు నిలిపివేసిన కరువుభత్యము నేటికిని చేతికి రాలేదు. ఖాళీలు పూరింపబడలేదు. ఇట్టి తరుణమున నూడుల్సు తినుటకు కలకత్తా పోవలెనా?" అని ఒక సభ్యుడు వ్రాతపూర్వకముగా అడిగినారు. అడుగవలసిన ప్రశ్నయే. యూనియన్ నిధి నుండి పైసా ఖర్చు కాలేదు. రైల్వేవారు పాసుల మీద, తపాలావారు సొంత టిక్కెట్ల మీద ప్రయాణించినారు. తిండి ఖర్చు తలా ఇంత అని పంచుకొన్నాము. కాని లెక్క అప్పగించినంతలో ప్రశ్న తీరదు. ఎందుకు పోయినామో చెప్పవలెను.

సూరతు నుండి చీనావారి విద్య నేర్చుటకు బయలుదేరిన మొదటి బృందము మనది కాదు. మనలో పెక్కుమంది నేతపని ఎరిగిన ఇండ్లవారు. వరంగల్లు, కరీంనగరము, నల్లగొండ జిల్లాల నుండి వలస వచ్చిన పద్మశాలి కుటుంబములు ఈ చుట్టుపట్ల సాంచాల మీద ఒడియా సోదరులతో పాటు పని చేయుచున్నవి. కావున ఈ కథ మీకు రుచించును. పందొమ్మిదవ శతాబ్ది మధ్యకాలమున జోషీ అను ఇంటిపేరు గల ముగ్గురు పారసీ సోదరులు సూరతు నుండి చీనాకు పంపబడినారనియు, ఛోయ్ అను నేత గురువు వద్ద పట్టునేత నేర్చి, తిరిగి వచ్చి ఇచ్చట మగ్గములు వేసినారనియు పారసీలు చెప్పుకొందురు. గుజరాతీలో 'త్రణ్' అనగా మూడు. ముగ్గురు శిష్యులు, ఒక గురువు. అందువలన ఆ వస్త్రమునకు 'తంచోయి' అను పేరు వచ్చినదని వారి మాట. సాటిన్ నేల మీద అదనపు పేకతో పువ్వులు, పిట్టలు తీర్చి, వెనుకవైపు పోగులు వ్రేలాడకుండ నేతలోనే బిగించుట దాని ప్రత్యేకత. సూరతులో ఆ విద్య అంతరించినది. బనారసు నేతగాండ్రు దానిని నిలుపుకొన్నారు.

ఆ సోదరులను పంపినవారు సర్ జంషెడ్జీ జీజీభాయ్ అని ప్రతీతి. చీనా వ్యాపారములో ఆయన గడించిన సంపదలో నల్లమందు పాలు ఎక్కువ. ఆ నల్లమందును చీనా ప్రభుత్వము అడ్డగించినందుకే 1839 నుండి 1842 వరకు ఆంగ్లేయులు ఆ దేశము మీద యుద్ధము చేసినారు. షావుకారు నల్లమందు పంపినాడు. నేతగాండ్రు మాత్రము పనితనము తెచ్చినారు. ఏ దేశమును గురించి మాట్లాడినను, షావుకారు సంబంధము వేరు, పనివాని సంబంధము వేరు అని మనము గుర్తింపవలెను.

తేయాకు సంగతియు ఇట్టిదే. ఓవింగ్టన్ అను ఆంగ్ల మతాచార్యుడు 1689లో సూరతునకు వచ్చినాడు. 1696లో అచ్చయిన తన గ్రంథములో, ఇచ్చటివారు తేయాకు కషాయములో ఘాటు దినుసులు, కలకండ కలిపి తలనొప్పికి, కడుపునొప్పికి త్రాగుదురని వ్రాసినాడు. అస్సాంలో తేయాకు తోటలు వేయుటకు నూటనలువది ఏండ్ల ముందటి మాట ఇది! అనగా స్టేషను బయట మనము త్రాగు మసాలా చాయ్‌ని ఏ కంపెనీవాడును మనకు నేర్పలేదు. తెలంగాణమువారు చాయ్ అందురు, కోస్తావారు టీ అందురు. ఏది సరియైన మాట అని మన క్యాంటీనులో అప్పుడప్పుడు వాదము కూడ జరుగుచుండును. రెండును చీనా మాటలే. పారసీకుల నోట నలిగి వచ్చినది చాయ్. ఫుకియెన్ రేవుల నుండి డచ్చివారి ఓడలెక్కి వచ్చినది టీ. రాయలసీమ రైతు బత్తాయిని చీనీ అనును. మన పూర్వకవులు పట్టుబట్టను చీనాంబరమన్నారు. ఇక హుయాన్‌త్సాంగ్ ఏడవ శతాబ్దిలో మన ధాన్యకటకమునకు వచ్చి, సుభూతి, సూర్యుడు అను ఇరువురు భిక్షువుల వద్ద కొన్ని నెలలు అభిధర్మము చదివి, తనకు వచ్చిన శాస్త్రము వారికి చెప్పి వెళ్ళినాడు. అధ్యయన యాత్ర అనిన అట్లుండవలెను. మాకు నాలుగు దినములే సెలవు దొరికినది!

ఉధ్నా నుండి తాపీ లోయ మార్గమున జలగాం, భుసావల్, నాగపూర్ మీదుగా హౌరా చేరినాము. మరునాడు తెల్లవారకముందే లాల్‌బజారు సమీపమున గల టిరెట్టా బజారునకు నడిచినాము. అచ్చట ప్రొద్దుటి ఫలహారము సూర్యోదయముతో మొదలై రెండు మూడు గంటలలో ముగియును. ఆలస్యముగా లేచినవానికి ఖాళీ గిన్నెలే. వెదురు పళ్ళెరములలో ఆవిరికి ఉడికిన పిండిముద్దలు. లోపల మాంసమో, తీయని పప్పో కూరియుందురు. మన కుడుములను ఎరిగినవారికి వాటిని పరిచయము చేయనక్కరలేదు. చేప ఉండలు వేసిన చారు, నువ్వులు అద్దిన వేపుడు ఉండలు, ఎండబెట్టిన మాంసపు గొట్టములు అమ్ముచుందురు. మా బృందములో పందిమాంసము ముట్టనివారు ఉన్నారు, శాకాహారులు ఉన్నారు. బేరమునకు ముందే అమ్మేవారు దేనిలో ఏమున్నదో చెప్పి, వేరు గిన్నెలు చూపినారు. మూడు నాలుగు మతములవారికి ఏకకాలమున వడ్డించు అలవాటు వారికి తరతరములుగా ఉన్నది.

ఒక ముసలితల్లి వద్ద అన్నము మెత్తగా మరిగించిన జావ దొరికినది. మా సోదరి ఒకరు రుచి చూచి, "అమ్మా, ఇది మా ఇంటి గంజియే కదా" అని హిందీలో అన్నారు. "జ్వరము వచ్చినా ఇదే, చేతిలో డబ్బు లేకున్నా ఇదే బేటీ" అని ఆమె బదులు చెప్పినది. తరువాత మేము విచారించగా తెలిసినదేమనగా, ఆంగ్లేయులు ఈ జావకు వాడు మాట 'కాంజీ' అరవవారి గంజి నుండి వెళ్ళినదట. తేయాకు పేరు వారు ఇచ్చినారు, గంజి పేరు మనవైపు నుండి పోయినది.

కలకత్తాలో చీనావారి చరిత్ర మొదటినుండి కూలీల చరిత్రయే. పద్దెనిమిదవ శతాబ్ది చివర వారన్ హేస్టింగ్స్ కాలమున, ఆఛూ అను చీనా వర్తకునకు బజ్‌బజ్ సమీపమున భూమి లభించినది. అతడు చెరకు తోట, పంచదార మిల్లు పెట్టి, తన దేశమునుండి కూలీలను తెచ్చినాడు. ఆ ఊరిని నేటికిని ఆఛీపూర్ అందురు. ఒప్పందపు కూలీలు మిల్లు విడిచి కలకత్తాకు పోవుచున్నారని అతడు కంపెనీ దొరలకు మొరపెట్టుకొన్నాడు. ఆ విధముగా పోయినవారును, తరువాత ఓడలలో వచ్చినవారును నగరములో తలకొక పని పట్టినారు. కాంటన్ వారు వడ్రంగము, హక్కాలు చెప్పులు కుట్టుట, తోళ్ళు పదును చేయుట, హుపే వారు పండ్లు కట్టుట.

టాంగ్రా అను పేట ఆ తోళ్ళ పనితో పెరిగినది. అగ్రకులములవారు అంటరాని పని అని తొలగిన చోట హక్కాలు నిలిచి, మన దళిత సోదరులతో కలిసి సున్నపు తొట్లలో చేతులు పెట్టినారు. 1996లో సుప్రీంకోర్టు కలకత్తా తోళ్ళ కర్మాగారములను ఊరి బయటకు తరలింపవలెనని తీర్పు ఇచ్చినది. బంటాలాకు పోగలిగినవారు పోయినారు. తక్కినవారిలో కొందరు తోళ్ళు ఆరవేసిన కొట్లనే భోజనశాలలుగా మార్చినారు. నేడు కలకత్తావారు పండుగ పూట పోయి తినుచున్న టాంగ్రా భోజనము ఆ విధముగా ఒక పరిశ్రమ మూతపడిన చోట పుట్టినది. ఆ గోడల మందము, ఎత్తైన పైకప్పు, నేలలోని కాలువ చూచినచో పాత కర్మాగారము తెలిసిపోవును. అక్కడ ఒక కాళీ గుడి ఉన్నది. చీనావారే నడుపుచున్నారు, ప్రసాదముగా నూడుల్సు పెట్టుదురు. మా బృందములో భక్తులును నాస్తికులును కలిసి తిన్నారు.

ఇంతవరకు చెప్పినది సంతోషముగా విన్నారు. ఇక చెప్పబోవునది రైల్వే, తపాలా ఉద్యోగులముగా మనము ప్రత్యేకించి వినవలసినది. యాత్రకు మేము పోవుటకు అసలు కారణమును ఇదియే.

1962 అక్టోబరులో చీనా సైన్యము సరిహద్దు దాటి వచ్చినది. మన జవానులు వేలమంది నేలకొరగినారు, బందీలైనారు. ఆ దురాక్రమణమును మనము నాడు ఖండించినాము, నేడును ఖండించుచున్నాము. కాని ఆ నవంబరులో అస్సాం, షిల్లాంగ్, డార్జిలింగ్ ప్రాంతములలో జరిగినది వేరు విషయము. తరతరములుగా ఇక్కడనే పుట్టి పెరిగిన చీనా సంతతివారిని, తేయాకు తోట పనివారిని, వడ్రంగులను, చిల్లర దుకాణదారులను, బడిపిల్లలను, గర్భిణులను, వృద్ధులను విచారణ లేకుండ పట్టుకొని, రాజస్థానులోని దేవ్‌లీ శిబిరమునకు తరలించినారు. వారి సంఖ్య సుమారు మూడు వేలు. నేరారోపణ లేదు. సాక్ష్యము లేదు. ముఖము, ఇంటిపేరు చూచి పట్టినారు.

వారిని తీసికొనిపోయినది రైలుబండి. అస్సాం నుండి ఏడు దినముల ప్రయాణము. ఆ బండి ఎక్కి బ్రతికి బయటపడినవారు తమ జ్ఞాపకములను తరువాత చెప్పినారు, అవి గ్రంథరూపమున వచ్చినవి. పెట్టెల మీద శత్రువుల బండి అని వ్రాసియుండెననియు, దారిలో ఒక స్టేషనులో జనము గుమిగూడి రాళ్ళు రువ్వినారనియు, ఉడికీ ఉడకని అన్నము పెట్టినారనియు వారు చెప్పినారు. ఆ బండికి ఇంజను తగిలించినవాడు, జెండా ఊపినవాడు, లైను ఇచ్చినవాడు మనవాడే. అతనిని నేడు మేము దోషి అనుట లేదు. ఆజ్ఞ వచ్చినది, బండి నడిపినాడు. కాని ఆ పెట్టెలలో ఉన్నది ఎవరో అతనికి తెలిసియుండినచో ఏదో ఒక స్టేషనులో ఒక కుండెడు మంచినీళ్ళయినను అందించియుండునని మా నమ్మకము. తెలియకపోవుట వలననే రాళ్ళు లేచినవి.

దేవ్‌లీ అను పేరు కార్మికోద్యమమునకు క్రొత్త కాదు. 1940, 41 సంవత్సరములలో ఆంగ్ల ప్రభుత్వము డాంగే, రణదివే, ఘాటే, జయప్రకాశ్ నారాయణ్ మొదలగువారిని నిర్బంధించినది ఆ శిబిరమునందే. జయప్రకాశ్ గారు అచ్చట నిరాహారదీక్ష చేసినారు. విడుదలయి, స్వాతంత్ర్యానంతరము అఖిల భారత రైల్వేమెన్ ఫెడరేషన్‌కు అధ్యక్షులైనారు. తపాలా కార్మికుల యూనియనుకును నాయకత్వము వహించినారు. మన రెండు శాఖలకును అధ్యక్షుడైన మనిషిని విచారణ లేకుండ ఉంచిన ముళ్ళకంచె లోపల, ఇరువది ఏండ్ల తరువాత మన స్వతంత్ర ప్రభుత్వమే చీనా వడ్రంగి బిడ్డలను ఉంచినది. 1963లో రెండువేల మందికి పైగా మద్రాసు రేవు నుండి ఓడలలో చీనాకు పంపబడినారు. వారిలో ఆ దేశమును ఎన్నడును చూడనివారు, ఆ లిపి చదువనేరనివారు ఉన్నారు. మిగిలినవారిని క్రమముగా విడుదల చేసి, 1967 నాటికి శిబిరము ఖాళీ చేసినారు. ఇండ్లకు తిరిగి వచ్చిన అనేకులకు ఇల్లు, దుకాణము దక్కలేదు. శత్రువుల ఆస్తి పేరున వేలము పడినవి. అటుపిమ్మటను ఏండ్ల తరబడి ఊరు దాటవలెనన్న పోలీసు అనుమతి కావలసియుండెను. టాంగ్రాలోని పడుచువారు పెక్కుమంది టొరంటో చేరినారు. టిరెట్టా బజారులో మేము చూచిన ముఖములలో నెరిసిన తలలే అధికము. కారణమును వెదకుచు మరి దూరము పోనక్కరలేదు.

రైలుపని చేయు మనకు చీనా శ్రామికుల ఋణము మరియొకటి కలదు. అమెరికాలో తూర్పు పడమరలను కలిపిన మొదటి రైలుమార్గము 1869 మే 10న పూర్తియైనది. సియెర్రా పర్వతములను తొలిచి పడమటి భాగమును వేసినవారు వేలాది చీనా కూలీలు. మంచులో, మందుగుండు ప్రేలుడులో చనిపోయినవారి లెక్కయే వ్రాసిపెట్టలేదు. ఆ కూలీలు తమ వంటవానిని తామే పెట్టుకొని, నీరు కాచి తేయాకు వేసికొని త్రాగినందున విరేచనముల వ్యాధి వారిలో తక్కువగా ఉండెను. తక్కిన పనివారు కుంట నీరు త్రాగి మంచము పట్టినారు. ఇది మన ట్రాక్‌మెన్ గ్యాంగులు నేటికిని వినదగిన మాట. 1867 జూనులో ఆ చీనా కూలీలు మూడువేలమంది తెల్లవారితో సమానమైన జీతము, సొరంగములలో పని గంటల తగ్గింపు కోరి సమ్మె చేసినారు. కంపెనీ యజమాని క్రోకర్ తుపాకులు తీయలేదు. కొండమీదికి పోవు బియ్యపు బండ్లను నిలిపివేసినాడు. వారము దినములలో సమ్మె విరిగినది. 1974 మే సమ్మెలో రైల్వే క్వార్టర్లకు నీరు, విద్యుత్తు ఆపి, సామానులు వీధిలో వేయించిన రోజులను చూచిన పెద్దలు మనలో ఇంకను ఉన్నారు. వారికి ఈ ఉపాయము వివరింపనక్కరలేదు.

తపాలా సోదరుల కొరకు ఒక మాట. సముద్రములు దాటి మలయా, సయాము దేశములకు పోయిన చీనా కూలీలు ఇంటికి పంపిన ఉత్తరములను 'చియావ్‌పీ' అందురు. ఒకే కవరులో క్షేమసమాచారము, దానితో పాటు సొమ్ము. ఉత్తరము అందించినవాడు అక్షరము రానివారికి చదివి వినిపించి, అందినట్లు జవాబు వ్రాయించుకొని పోవువాడు. యునెస్కో 2013లో ఆ ఉత్తరములను ప్రపంచ స్మృతి పట్టికలో చేర్చినది. అదే ఏడాది జూలైలో మన తంతి మూతపడినది. 2015లో పాత పద్ధతి మనియార్డరు నిలిచినది. మనియార్డరు ఫారము అడుగున మిగిలిన చిన్న జాగాలో, సాంచాల పనివాడు ఊరిలోని తల్లికి నాలుగు పంక్తులు వ్రాయించుకొన్న రోజులు ఈ ఉధ్నా కౌంటరులో పనిచేసినవారికి గుర్తుండును. ఆ చినుగులను ఎవరును ఏ పట్టికలోను చేర్చలేదు. మన ఇండ్ల పెట్టెలలో ఏవైన మిగిలియున్నచో పారవేయకుడు.

ఇక మన ఉధ్నా వీధికి వత్తము. సాయంకాలము స్టేషను నుండి మూల తిరిగినచో 'చైనీస్' అని వ్రాసిన బండి ఉండును. దాని మీద అమ్ము మంచూరియా ఈశాన్య చీనాలోని మంచూరియాలో ఎవరికిని తెలియదు. కలకత్తాలో పుట్టిన నెల్సన్ వాంగ్ అను చీనా సంతతి వంటవాడు 1975లో బొంబాయి క్రికెట్ క్లబ్బులో కోడిమాంసమును అల్లము, వెల్లుల్లి, పచ్చిమిర్చి, సోయా చారుతో కలిపి దీనిని సృష్టించినాడని చెప్పుదురు. కావున అది మన దేశపు వంటకమే. ఆ బండివాడు తెలుగువాడో, నేపాలీయో, ఒడియావాడో అయియుండును. దానిని నిందించుట మా ఉద్దేశము కాదు. పన్నెండు గంటలు సాంచా చూచి వచ్చినవానికి అది వేడి భోజనము. దానిని తిని చీనాను ఎరిగితిమనుకొనుట మాత్రము కూడదు.

అసలు చీనా మన ఊరికి వేరు దారిన వచ్చియున్నది. వాటర్‌జెట్ మగ్గములు, ఎంబ్రాయిడరీ యంత్రములు చీనా నుండి ఓడలలో వచ్చి కార్ఖానాలలో దిగినవి. ఒక్కొక్క మనిషి చూడవలసిన మగ్గములు పెరిగినవి. మన సభ్యుల తమ్ముళ్ళు, కొడుకులు ఆ యంత్రముల మీదనే పనిచేయుచున్నారు. వాటి పలకల మీది చీనా అక్షరములను గుర్తుబట్టి మీటలు నొక్కుచున్నారు. రేపు సరిహద్దున మరల ఏదైన జరిగినచో, యంత్రము తెచ్చి లాభము పొందిన షావుకారును ఎవరును ఏమియు అనరు. రాయి పడునది టాంగ్రాలోని ముసలితల్లి బండి మీద, ఈశాన్యము నుండి వచ్చి ఇక్కడ చదువుకొనుచున్న పిల్లల మీద. 2020లో మహమ్మారి దినములలో ఆ పిల్లలను చీనావారని, రోగమని పిలిచి అవమానించిన ఘటనలు పెక్కు నగరములలో జరిగినవి. అట్టి మాట మన బుకింగు కిటికీ వద్ద, మన తపాలా కౌంటరు వద్ద వినబడకూడదు. వినబడినచో ఆపవలసినది అచ్చట కూర్చున్న మన సభ్యుడే. ప్రశ్న పంపిన సోదరునకు మా సమాధానము ఇది.

కరువుభత్యపు పోరాటము దాని దారిన నడుచుచునే యున్నది. వచ్చే నెల ధర్నాకు యాత్రికులు ఇరువదిమందియు పేర్లు ఇచ్చినారు.

చివరగా పని సంగతులు. 1962, 63లలో అస్సాం నుండి దేవ్‌లీకి గాని, అటనుండి మద్రాసునకు గాని ఆ బండ్లను నడిపిన ఉద్యోగులు, లేదా వారి సంతానము మీ ఎరుకలో ఉన్నచో వారి జ్ఞాపకములను వ్రాసి శాఖా కార్యాలయమునకు పంపుడు. పేర్లు వెల్లడింపము. తరువాతి యాత్ర సోలాపూరునకు. అది మనవంటి తెలుగు నేతగాండ్ర ఊరు. 1938లో కాంగ్రెసు చీనాకు పంపిన ఐదుగురు వైద్యులలో ఒకరైన ద్వారకానాథ్ కోట్నీసు పుట్టిన ఊరును అదియే. జపాను దాడిలో గాయపడినవారికి శస్త్రచికిత్సలు చేయుచు 1942 డిసెంబరు 9న, ముప్పది రెండేండ్ల వయస్సున ఆయన అచ్చటనే మరణించినారు. ఆయన ఇల్లు స్మారకమందిరముగా ఉన్నది. రెండు దినముల ప్రయాణము, ఖర్చు ఎవరిది వారిదే. తెలుగు మాధ్యమపు మునిసిపలు బడిలో పై తరగతులు చదువుచున్న మన పిల్లలను ఈసారి వెంట తీసికొనిపోవుటకు కార్యవర్గము అంగీకరించినది. పేర్లను నెలాఖరులోపల శాఖా కార్యదర్శికి ఇవ్వవలెను.